ఎవరి బలంతో కదులుతోంది?

ప్రాగ్ నగరంలో ఒక వాణిజ్య భవనం ముందు రచయిత ఫ్రాంజ్ కాఫ్కా తల ఉంది. స్టెయిన్‌లెస్ స్టీలుతో చేసిన ఆ తలను 42 అడ్డపొరలుగా కోశారు. ఒక్కో పొరా విడివిడిగా తిరుగుతుంది. కాసేపు ముక్కొకటి, చెవొకటి, గడ్డమొకటి వేర్వేరు దిక్కులకు పోతాయి. కాసేపటికి అన్నీ సర్దుకుని మళ్ళీ ముఖమవుతాయి. శిల్పి డేవిడ్ చెర్నీ 2014లో నిలిపిన ఈ తల బరువు దాదాపు 39 టన్నులు. సింగపూర్ చాంగీ విమానాశ్రయంలో 1,216 రాగిపూత లోహపు బిందువులు సన్నని తీగల మీద వేలాడుతూ అలలుగా లేచి దిగుతాయి. పెద్ద నగరాలు కూడళ్ళలో, స్టేషన్లలో, విమానాశ్రయాల్లో ఇలా కదిలే శిల్పాలు పెట్టుకోవడం గత వందేళ్ళలో వచ్చిన అలవాటు.

నగరాల సంగతి అలా ఉంచి తూర్పు కనుమల వైపు రండి. కోరాపుట్ పట్టణంలో శబర శ్రీక్షేత్రం అని పిలిచే జగన్నాథాలయం ఉంది. ఏటా ఆషాఢ శుద్ధ విదియ నాడు అక్కడ రథం కదులుతుంది. అదే రోజు రాయగడ జిల్లాలో వంశధార ఒడ్డునున్న గుణుపురంలో రథం కదులుతుంది. ఈ ఊళ్ళలో రథం తాడు పట్టే చేతుల్లో ఒడియా మాట్లాడేవారివీ తెలుగు మాట్లాడేవారివీ గిరిజన భాష కువి మాట్లాడేవారివీ ఉంటాయి. 1936 ఏప్రిల్ 1న ఒడిశా రాష్ట్రం ఏర్పడేదాకా కోరాపుట్ ప్రాంతం విశాఖపట్నం జిల్లాలో భాగమే. రాయగడ 1992లో విడి జిల్లా అయింది. కొండ దిగి విజయనగరం వస్తే విజయదశమి దాటిన మంగళవారం సిరిమాను అనే పొడవాటి మాను ఊరేగుతుంది.

భక్తుడికి రథం దేవుడి వాహనం. ఈ అధ్యాయంలో మనం దాన్ని శిల్పి కంటితో, ఇంజనీరు కంటితో చూద్దాం. వీధిలో, జనం మధ్య, చూడ్డానికి టిక్కెట్టు లేకుండా కదిలే భారీ శిల్పం అది. కాఫ్కా తలకూ రథానికీ వేయాల్సిన మొదటి ప్రశ్న ఒకటే: దీన్ని కదిపే బలం ఎక్కణ్ణించి వస్తోంది? శిల్పం ఎలా ఉండాలో, ఎంతకాలం ఉంటుందో చాలావరకు ఆ జవాబే తేలుస్తుంది.

ఇరుసు దగ్గర లెక్క

రథచక్రం అంత పెద్దదిగా ఎందుకుంటుంది? పూరీలో జగన్నాథుడి నందిఘోషకు 16 చక్రాలు, బలభద్రుడి తాళధ్వజానికి 14, సుభద్ర దర్పదళనానికి 12. మొత్తం 42. ఒక్కో చక్రం అడ్డకొలత సుమారు 7 అడుగులు. చిన్న ఊళ్ళలో చాలాచోట్ల ముగ్గురు మూర్తులనూ ఒకే రథంలో కూర్చోబెడతారు. అక్కడ కూడా చక్రం సాధారణంగా పెద్దదే. అందం కోసం అనుకుంటాం. అసలు కారణం ఇరుసు దగ్గరుంది.

బరువైన వస్తువును నేల మీద ఈడిస్తే ఘర్షణ అంతా నేల దగ్గర పుడుతుంది. చక్రం పెడితే ఆ రాపిడి ఇరుసుకు మారుతుంది. చక్రం ఒక చుట్టు తిరిగేలోపు రథం చక్రం చుట్టుకొలతంత దూరం పోతుంది. ఇరుసు మీద రాపిడి మాత్రం ఇరుసు చుట్టుకొలతంత దూరమే జరుగుతుంది. చక్రం 6 అడుగులు, ఇరుసు 6 అంగుళాలు అనుకోండి. నిష్పత్తి 12కు 1. చెక్క మీద చెక్క జారితే ఘర్షణ గుణకం 0.3 అనుకుంటే, చక్రం అంచు దగ్గర అది 0.025కు పడిపోతుంది. చక్రం నేలలో కాస్త దిగబడటం, రాళ్ళెక్కి దిగడం వల్ల వచ్చే అడ్డు మరో 0.025 వేసుకుందాం. మొత్తం 0.05.

ఇప్పుడు 10 టన్నుల రథాన్ని ఊహించండి. సమతలం మీద కదులుతూ ఉండటానికి దానికి 10,000 కిలోల్లో ఇరవయ్యో వంతు, అంటే 500 కిలోల బలం చాలు. ఒక్కో మనిషి నిలకడగా 20 కిలోల బలంతో లాగగలిగితే పాతికమంది సరిపోతారు. అదే రథాన్ని చక్రాల్లేకుండా మట్టి మీద ఈడ్వాలంటే వందలమంది కావాలి. ఇరుసుకు నూనె, ఆముదం పట్టించడమంటే ఆ 0.3ను ఇంకా కిందికి దించడం.

తాడు పట్టిన చేతులు

పాతికమంది చాలినప్పుడు తాడుకు అన్ని వందలమంది ఎందుకు? పుణ్యం అందరికీ కావాలి కాబట్టి అన్నది సగం జవాబు. మిగతా సగం మాక్స్ రింగెల్‌మాన్ దగ్గర దొరుకుతుంది. ఆయన ఫ్రాన్సుకు చెందిన వ్యవసాయ ఇంజనీరు. మనుషుల చేతా పశువుల చేతా బరువులు లాగించి, బలాన్ని కొలిచాడు. 1913లో ఆయన ప్రకటించిన లెక్కల ప్రకారం తాడు లాగేవాళ్ళు పెరిగేకొద్దీ మొత్తం బలం పెరుగుతుంది కానీ తలా ఒక్కరి వాటా తగ్గుతుంది. ఎనిమిదిమంది కలిసి లాగినప్పుడు ఒక్కొక్కరి వాటా ఒంటరిగా లాగినదాంట్లో సగమే తేలింది.

ఆ సగం ఎక్కడికి పోయింది? కొంత పొందిక లేక పోయింది. ఒకడు లాగుతుంటే పక్కవాడు ఊపిరి పీల్చుకుంటాడు, మూడోవాడు కాలు సర్దుకుంటాడు. మిగిలింది మనస్తత్వానికి సంబంధించినది: ఇంతమంది ఉన్నారుగా, నేను కాస్త సడలిస్తే ఏం అని. 1974లో అమెరికాలో అలన్ ఇంగామ్ బృందం దీన్ని తెలివిగా విడదీసింది. కళ్ళకు గంతలు కట్టి, వెనక ఇంకా మనుషులు లాగుతున్నారని నమ్మించి, నిజానికి ఒక్కడి చేతే తాడు లాగించారు. అప్పుడు కూడా అతను తక్కువ బలమే పెట్టాడు. పొందిక లోపం అక్కడ లేదు, లాగేది ఒక్కడే కాబట్టి. తగ్గింది ఉత్సాహమే.

రథం కదిలే చోట ఈ రెండింటికీ మందు వాడుకలోనే ఉంది. పూరీ రథం మీద డాహుక అనే పాటగాడు నిలబడి పదాలు అందుకుంటాడు. జనం కేకతో తాడు బిగుస్తుంది. మన వైపు డప్పు, గోవింద నామం ఆ పని చేస్తాయి. ఆగి ఉన్న రథాన్ని కదిలించడానికి కదులుతున్నదాన్ని లాగడానికంటే ఎక్కువ బలం కావాలి. చక్రం నిలబడ్డ చోట కాస్త దిగబడి ఉంటుంది, ఇరుసు పట్టేసి ఉంటుంది. మూడువందల మంది తలో క్షణంలో లాగితే అంత బలం ఒక్కసారిగా ఎన్నడూ రాదు. డప్పు దెబ్బ మీద అరవైమంది ఒక్క ఊపుగా లాగితే వస్తుంది. పాట అక్కడ యంత్రభాగం.

వాలు, ఎత్తు, తీగలు

కోరాపుట్ సముద్రమట్టానికి సుమారు 870 మీటర్ల ఎత్తున, కొండల మధ్య ఉన్న ఊరు. ఇలాంటి ఊళ్ళో రథానికి అసలు పరీక్ష దిగుడులో వస్తుంది.

పైన వేసిన 0.05 అంకెను ఇక్కడ మళ్ళీ వాడుకుందాం. రోడ్డు 30 అడుగులకు ఒక అడుగు ఎక్కితే మన 10 టన్నుల రథానికి ఇంకో 333 కిలోల బలం కావాలి. పాతికమంది స్థానంలో నలభైరెండు మంది. అదే రోడ్డు 20 అడుగులకు ఒక అడుగు దిగితే లెక్క తలకిందులవుతుంది. వాలు లాగే బలం, ఘర్షణ అడ్డే బలం సమానమవుతాయి. ఒకసారి కదిలితే రథం తనంతట తానే పోతూ ఉంటుంది. ఇంకాస్త వాలైతే వేగం పుంజుకుంటుంది. తాడుకు లాగడమే వచ్చు, నెట్టడం రాదు. ముందున్న తాళ్ళు పట్టుకున్నవాళ్ళు దాన్ని ఆపలేరు, పైగా దాని దారిలోనే ఉంటారు. అందుకే దిగుడున్న చోట వెనక కూడా తాళ్ళు కట్టాలి. చక్రాల కింద చెక్క దిమ్మలు వేసేవాళ్ళు పక్కనే నడవాలి. వాళ్ళే రథానికి బ్రేకులు. చక్రం పక్కగా దిమ్మ వేసి, రథాన్ని మలుపు తిప్పేదీ వాళ్ళే. బిగుతు ఇరుసుల రథానికి స్టీరింగు ఉండదు.

ఇక ఎత్తు. పూరీ రథాలు 40 అడుగులు దాటతాయి. అయినా నిలబడతాయి, ఎందుకంటే బరువంతా కింద ఉంది. మొద్దుల్లాంటి దూలాలు, ఇరుసులు, చక్రాలు అడుగున. పైన తేలికైన చట్రం, దాని మీద గుడ్డ. రథం గరిమనాభి నేల నుంచి 8 అడుగుల ఎత్తున, అడుగుభాగం వెడల్పు 10 అడుగులు ఉందనుకోండి. 32 డిగ్రీలు ఒరిగేదాకా అది పడదు. అలంకారం మోజులో పైన బరువు పెంచి గరిమనాభిని 15 అడుగులకు ఎక్కిస్తే, 18 డిగ్రీలకే పడిపోతుంది. గుంతలో ఒక చక్రం దిగితే చాలు, ఆ తేడా ప్రాణాల మీదికి వస్తుంది. రంగురంగుల గుడ్డ శిల్పాన్ని ఎంత పెద్దగా చూపిస్తుందో అంత తేలికగా ఉంచుతుంది.

ఎత్తుకు మరో శత్రువు ఈ కాలంలో పుట్టింది. 2022 ఏప్రిల్ 27న తంజావూరు దగ్గర కళిమేడులో రథం కరెంటు తీగను తాకి 11 మంది చనిపోయారు. వీధిలో కదిలే ఏ శిల్పానికైనా ఆ వీధి మొత్తం యంత్రంలో భాగమే. రోడ్డు వాలు, మలుపు వెడల్పు, తీగల ఎత్తు చూసుకోకుండా శిల్పాన్ని మాత్రమే లెక్క వేస్తే సగం పనే చేసినట్టు.

సిరిమాను

విజయనగరం పైడితల్లి అమ్మవారి జాతరలో కదిలేది ఒక మాను. అమ్మవారి కథ 1757 నాటి బొబ్బిలి యుద్ధంతో ముడిపడి ఉంది. ఏటా ఒక చింతచెట్టును వెతికి కొట్టి, హుకుంపేటలో చెక్కి, సుమారు 50 నుంచి 60 అడుగుల మానును సిద్ధం చేస్తారు. సిరిమానుతో పాటు ఇరుసుమాను కూడా కావాలి. బండి మీద ఇరుసుమాను ఆధారంగా సిరిమాను ఒరిగి నిలుస్తుంది. పైకొసన కట్టిన ఆసనంలో పూజారి కూర్చుంటాడు. పాలధార, బెస్తవారి వల, తెల్ల ఏనుగు, అంజలి రథం ముందు నడవగా చదురుగుడి నుంచి కోటకు సిరిమాను మూడుసార్లు తిరుగుతుంది.

భౌతికశాస్త్రం దృష్టిలో ఇది పొలాల్లో నీళ్ళు తోడిన ఏతానికి దగ్గరి చుట్టం. 55 అడుగుల మానుకు ఇరుసు మొదలు నుంచి 15 అడుగుల దగ్గర ఉందనుకుందాం. ముందుకు 40 అడుగులు, వెనక్కి 15. కొసన 70 కిలోల మనిషి కూర్చుంటే, ఆయన్ని సరితూచడానికి వెనక కొసన 187 కిలోలు కావాలి. 40ని 70తో హెచ్చవేసి 15తో భాగించండి, అదే వస్తుంది.

అది మనిషి లెక్క. మాను సొంత బరువు మాటేమిటి? అందం అక్కడే ఉంది. చెట్టు మొదలు లావు, కొస సన్నం. నిలువునా ఒకే మందం ఉన్న దుంగకు గరిమనాభి సరిగ్గా మధ్యలో ఉంటుంది. కొసకు పోయేకొద్దీ పూర్తిగా సన్నబడే శంకువుకు అది మొదలు నుంచి నాలుగో వంతు దూరంలోనే ఉంటుంది. 55 అడుగుల శంకువుకైతే మొదలు నుంచి దాదాపు 14 అడుగులు. నిజమైన చెట్టు ఈ రెండింటికీ మధ్య ఉంటుంది. అంటే లావు మొదలు తనకు తానే ఎదురుబరువు. తక్కువైనంత వెనక వైపు తాళ్ళతోనో బరువుతోనో పూడిస్తే చాలు. గొట్టం లాంటి ఇనుప స్తంభంతో ఇదే పని చేయాలంటే వెనక భారీ ఎదురుబరువు కట్టాలి.

పొడుగు చేతికి ఇంకో గుణం ఉంది. వెనక కొస ఒక్క అడుగు దిగితే ముందు కొస రెండున్నర అడుగులకు పైగా లేస్తుంది. బండి చక్రం కింద చిన్న రాయి పడితే పైనున్న పూజారి పెద్ద ఊపు ఊగుతాడు. పొడుగు మాను జడత్వం ఆ ఊపును నెమ్మదిగా సాగదీస్తుంది. కింద లక్షల తలల మీదుగా ఆ నిదానపు ఊపే సిరిమానుకు అంత గాంభీర్యం తెస్తుంది.

గాలి చేతికి ఇస్తే

ఇరవయ్యో శతాబ్దపు శిల్పులు చేతుల నుంచి బలాన్ని గాలికి మార్చారు. అలెగ్జాండర్ కాల్డర్ ముందు చదివింది మెకానికల్ ఇంజనీరింగ్, 1919లో పట్టా పుచ్చుకున్నాడు. ఆయన వేలాడే శిల్పాల్లో ప్రతి తీగా ఒక చిన్న సిరిమానే: ఒక చివర రేకు, మరో చివర ఇంకో తీగ, మధ్యలో ఆధారం. అన్నిటికంటే కింది చిన్న ముక్కతో మొదలుపెట్టి, దాన్ని సరితూచి, దాని మొత్తం బరువును పై తీగకు ఒక చివరగా కట్టుకుంటూ పైకి పోయేవాడు. 1955లో ఆయన అహ్మదాబాద్ వచ్చి, సారాభాయి కుటుంబం ఆతిథ్యంలో కొన్ని శిల్పాలు చేశాడు.

జార్జ్ రికీ మరో చిక్కు విప్పాడు. ఆరుబయట నిలబెట్టిన పొడవాటి ఉక్కు కత్తులు చిరుగాలికి కూడా కదలాలి, పిచ్చిగా ఊగకూడదు. ఇలాంటి పొడవాటి కత్తి ఊపుకు పట్టే కాలం, దాని గరిమనాభి ఆధారానికి ఎంత కింద ఉందన్నదాన్ని బట్టి ఉంటుంది. ఆ దూరం తగ్గితే ఊపు నెమ్మదిస్తుంది. రికీ తన కత్తుల అడుగున సీసం నింపి, గరిమనాభిని ఆధారానికి ఇంచుమించు ఆనించి, కాస్తంత మాత్రమే కింద ఉంచేవాడు. పొడవాటి కత్తి కనుక జడత్వం ఎక్కువ, లాగే బలం తక్కువ. అందుకే అవి అంత తీరిగ్గా ఊగుతాయి.

మన దేశంలో గాలికి తిరిగే పెద్ద నగర శిల్పం చండీగఢ్‌లో ఉంది. వాస్తుశిల్పి లె కార్బూజియే గీసిన తెరిచిన చేయి 26 మీటర్ల ఎత్తు, దాదాపు 50 టన్నులు. ఆయన 1965లో చనిపోయాడు. చేయి నిలబడింది 1985లో. అంత బరువు గాలికి ఎలా తిరుగుతుంది? ఆ బరువు రాపిడి తక్కువున్న బేరింగు మీద కూర్చుంది. అక్షానికి ఒక పక్క గాలి తగిలే వైశాల్యం ఎక్కువుంటే, గాలికోడికి లాగే తిప్పే బలం పుడుతుంది.

అయితే గాలి తాడు పట్టిన మనిషి లాంటిది కాదు, చెబితే వినదు. గాలి వేగం రెట్టింపైతే ఒత్తిడి నాలుగు రెట్లవుతుంది. గంటకు 36 కిలోమీటర్ల గాలి చదరపు మీటరు మీద సుమారు 6 కిలోల బరువంత ఒత్తిడి తెస్తుంది. గంటకు 180 కిలోమీటర్ల గాలి 150 కిలోలు తెస్తుంది. రెండోది ఊహ కాదు. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుపాను విశాఖపట్నం తీరం దాటినప్పుడు గాలులు ఆ స్థాయిలో వీచాయి. మామూలు గాలికి నాట్యమాడాల్సిన శిల్పమే దానికి పాతిక రెట్ల దెబ్బకు విరగకుండా ఉండాలి. మన తీర నగరాల్లో గాలి శిల్పం పెట్టేవాళ్ళకు కష్టమైన డిజైను ఆ తుపాను రోజుదే.

మోటారు, ఆ తర్వాత

మోటారుకు గాలి చంచలత్వం లేదు. కాఫ్కా తల నిర్ణయించిన వేళకు తిరుగుతుంది. చాంగీలో ప్రతి బిందువునూ ఒక మోటారు ఎత్తి దించుతుంది, కంప్యూటరు 1,216 బిందువులకూ ఎత్తులు లెక్కగడుతుంది. ఇంత నియంత్రణ డప్పుకూ గాలికీ సాధ్యం కాదు. బదులుగా అది కోరేది నిత్యసేవ. బేరింగులకు గ్రీజు, తీగలకు తనిఖీ, కరెంటు, విడిభాగాలు, ఇవన్నీ తెలిసిన మనిషి. పారిస్‌లో పాంపిడూ కేంద్రం పక్కన 1983లో జాన్ టింగెలీ, నికి డి సాంఫాల్ కలిసి చేసిన ఫౌంటెన్‌లో 16 బొమ్మలు నీళ్ళు చిమ్ముతూ తిరుగుతాయి. నలభై ఏళ్ళు తిరిగేసరికి దాన్ని విప్పి బాగుచేయక తప్పలేదు. పదేపదే ఒత్తిడి పడే లోహంలో కంటికి కనిపించని పగుళ్ళు పుట్టి పెరుగుతాయి. నిలబడి ఉన్న విగ్రహానికి ఈ జబ్బు దాదాపు లేదు. కదలికకు కట్టాల్సిన సుంకం అది.

ఈ సుంకాన్ని రథం కట్టే పద్ధతి వేరు. పూరీ రథాలను అక్షయతృతీయతో మొదలుపెట్టి ఏటా కొత్తగా కడతారు, యాత్ర ముగిశాక విప్పేస్తారు. సిరిమాను కూడా ఏటా కొత్త చెట్టే. అరిగిన ఇరుసు, పగిలిన దూలం మరుసటి ఏటికి మిగలవు. మరమ్మతు అనేది ఎవరికో గుర్తొస్తే జరిగే పని కాకుండా పంచాంగంలోనే రాసి ఉంది. చక్రం ఎవరు చెయ్యాలో, తాడు ఎవరు తేవాలో, దిమ్మ ఎవరు వెయ్యాలో ముందే తేలిపోయి ఉంటుంది. ఏటా కట్టేవాళ్ళున్నారు కాబట్టి కట్టే విద్య కూడా చేతి నుంచి చేతికి అందుతూ వచ్చింది.

ఒడిశాలోనే దీనికి మంచి పోలిక దొరుకుతుంది. కోణార్క్‌లో పదమూడో శతాబ్దంలో 24 రాతి చక్రాలతో సూర్యుడి రథాన్ని కట్టారు. శాశ్వతంగా ఉండాలని రాతిని ఎంచుకున్నారు. దాని ప్రధాన గోపురం కూలిపోయింది. ఏడాదికి మించి ఉండనక్కర్లేదని చెక్కతో కట్టే పూరీ రథం ఇప్పటికీ కదులుతోంది.

కాబట్టి హైదరాబాదో విశాఖో భువనేశ్వరో రేపు కూడలిలో కదిలే శిల్పం పెట్టాలనుకుంటే, నమూనా బొమ్మ చూసి మురిసేముందు అడగాల్సినవి మూడు ప్రశ్నలు. బలం ఎవరిది: చేతులదా, గాలిదా, మోటారుదా? ఆ బలం అదుపు తప్పిన రోజున దాన్ని ఆపేది ఏది? అరిగిపోయినప్పుడు మళ్ళీ కట్టేది ఎవరు, ఆ డబ్బు ఏ పద్దులో ఉంది? శిల్పానికి కేటాయించే సొమ్ములో కొంత ఏటేటా దాన్ని విప్పి బిగించే పనివాళ్ళ కోసం మొదటి రోజే పక్కన పెట్టాలి. స్థానిక వడ్రంగులకో ఐటీఐ విద్యార్థులకో ఆ పని అప్పగించవచ్చు. అది చేయలేని నగరం నిలబడి ఉండే విగ్రహంతో సరిపెట్టుకోవడం మేలు. ఆగిపోయిన కదిలే శిల్పం కంటే అదే నయం.